ఎక్స్‌రే గదిలో పీటర్ హామిల్

నవంబరు మొదటి వారం వస్తే ఇంగ్లండ్‌లో సాయంత్రాలు బాణసంచా వాసన వేస్తాయి. అయిదో తారీఖు గై ఫాక్స్ నైట్. మన దీపావళి కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే వస్తుంది కాబట్టి మా వీధిలో ఏ టపాకాయ ఎవరి లెక్కలోదో ఎవరికీ తెలీదు. కుక్కలు మంచాల కిందకి దూరతాయి, పొద్దున్నే పేవ్‌మెంట్ మీద కాలిపోయిన రాకెట్ పుల్లలు తడిసి పడి ఉంటాయి. నాకు మాత్రం ఆ గంధకం వాసన తగలగానే ఒక గాయకుడు గుర్తొస్తాడు. పీటర్ హామిల్ పుట్టింది 1948 నవంబరు 5న, లండన్‌లోని ఈలింగ్‌లో. "దేశమంతా టపాకాయలు కాల్చే రోజున పుట్టినోడు అలా పాడక ఇంకెలా పాడతాడు, డాక్?" అనేవారు మా ఎక్స్‌రే పెద్దాయన.

ఈ ఏడు ఆ వాసనకి చాలా గుర్తొచ్చాయి. రాసి పెడదామనిపించింది. వరసగా రావు, వచ్చినవి వచ్చినట్టే రాస్తాను.

*

ఎనభైల మధ్యలో మాంచెస్టర్‌లో జూనియర్ డాక్టర్‌గా చేరాను. అప్పటి ఆన్‌కాల్ గురించి ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. శుక్రవారం పొద్దున్న డ్యూటీకి వెళ్తే సోమవారం సాయంత్రానికి బయటపడేవాళ్ళం. నడుముకి పిలుపొస్తే మోగే బ్లీప్, జేబులో చాక్లెట్ బార్, కళ్ళలో ఇసుక. ఎక్స్‌రే విభాగం బేస్‌మెంట్‌లో, బాయిలర్ గది పక్కన ఉండేది. వెచ్చగా ఉండేది కాబట్టి అవసరం ఉన్నా లేకపోయినా రాత్రి రెండింటికి అందరం అక్కడికే చేరేవాళ్ళం.

అక్కడ నైట్ డ్యూటీ రేడియోగ్రాఫర్ ఒకాయన ఉండేవారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. గడ్డం, కళ్ళజోడు, ఎప్పుడూ ఒకే కార్డిగన్. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. ఫిల్ములు కడిగే ఆటోమేటిక్ మెషిన్ ముసలిది, తరచూ మొరాయించేది. అలాంటి రాత్రుల్లో డార్క్‌రూమ్‌లో తొట్లలో చేత్తోనే కడిగేవారు. ఎర్ర బల్బు, ముక్కుపుటాలు మండించే ఫిక్సర్ వాసన, హ్యాంగర్లకి వేలాడే తడి ఫిల్ముల నుంచి టప్ టప్ మని కారే నీళ్ళు. షెల్ఫ్ మీద ఒక క్యాసెట్ ప్లేయర్. దాని ప్లే బటన్ ఊడిపోతే పెన్సిల్ ముక్క పెట్టి నొక్కేవారు.

డెవలపర్‌లో ఫిల్ము ఉంచాల్సింది నాలుగైదు నిమిషాలు. గోడకి టైమర్ ఉంది. పెద్దాయన దాన్ని తిప్పగా నేను చూడలేదు. ఫలానా పాట మొదలైనప్పుడు ముంచడం, ఫలానా చరణం దగ్గర తీయడం, అంతే. ఎముకలు తేటగా వచ్చేవి. ఒకసారి కన్సల్టెంట్ గారు, "రాత్రి తీసిన ఫిల్ములే బాగుంటున్నాయేమిటి" అని అడిగితే ఎవరం నోరు విప్పలేదు.

ఆ పెన్సిల్ ముక్క క్యాసెట్ ప్లేయర్‌లోనే మొదటిసారి హామిల్‌ని విన్నాను. ఎవరిదో ఛాతీ ఎక్స్‌రే కోసం నిలబడి ఉన్నాను. లోపల ఎవరో గుసగుసగా ఏదో చెబుతున్నారు. అది పాడటం అని కాసేపటికి గానీ తెలీలేదు. ఉన్నట్టుండి ఆ గొంతు గర్జించింది, మరుక్షణం చిన్నపిల్లాడి గొంతంత సన్నగా పైకెళ్ళింది, మళ్ళీ దబ్బున కింద పడింది. ముగ్గురు పాడుతున్నారనుకున్నాను. "ఒక్కడే" అన్నారు పెద్దాయన, ఎర్ర వెలుతురులో ఫిల్ము అటూ ఇటూ తిప్పి చూస్తూ.

ఘంటసాల గారి పాటలు వింటూ పెరిగిన చెవులు నావి. పాట అంటే తేనె. కాస్త ఆపుతారా అని అడిగాను కూడా. ఆపలేదు, ఫిల్ము ఇంకా డెవలపర్‌లోనే ఉంది.

*

ఆయన చెప్పగా తెలిసిన కథ ఇది. హామిల్ జెస్యూట్ పాదిరీల బడిలో చదువుకొని మాంచెస్టర్ యూనివర్సిటీకి వచ్చాడు. అక్కడే 1967లో స్నేహితుడు క్రిస్ జడ్జ్ స్మిత్‌తో కలిసి 'వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్' అనే బ్యాండు పెట్టాడు. ఫిజిక్స్ ల్యాబులో నిప్పురవ్వలు కురిపించే ఆ యంత్రం పేరే. అందులో చివరికి కుదిరిన నలుగురి సంగతీ వింతే. గిటార్ వీరుడు లేడు, ఎక్కువ కాలం బాస్ గిటార్ వాయించేవాడూ లేడు. హ్యూ బాంటన్ చేతులతో ఆర్గన్, కాళ్ళతో బాస్ పెడళ్ళు వాయించేవాడు. డేవిడ్ జాక్సన్ రెండు శాక్సోఫోన్లు ఒకేసారి నోట్లో పెట్టుకొని ఊదేవాడు. గై ఎవాన్స్ డ్రమ్స్. మధ్యలో ఈ గొంతు.

1971లో చరిష్మా రికార్డ్స్ వాళ్ళు తమ మూడు బ్యాండ్లను కలిపి ఊరూరా తిప్పారు. టిక్కెట్టు ఆరు షిల్లింగులు, అంటే 30 కొత్త పెన్నీలు. అప్పుడే ఇంగ్లండ్ పాత షిల్లింగుల నుంచి కొత్త లెక్కకి మారుతోంది. పెద్దాయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ ప్రోగ్రాం చూశారు. చివర్లో, పెద్దపీట మీద వచ్చింది వాన్ డర్ గ్రాఫ్. మధ్యలో లిండిస్ఫార్న్. అందరికంటే ముందు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుండగా వాయించి వెళ్ళిన బ్యాండు పేరు జెనెసిస్.

"ఆ రాత్రి ఎవరినైనా అడుగు, వీళ్ళలో స్టేడియాలు నింపేది ఎవరని. ఒక్కరూ జెనెసిస్ అని ఉండరు" అనేవారు. అందులో కోపం ఏమీ ఉండేది కాదు. నిజానికి తనవాడు స్టేడియాలకి పోనందుకు లోలోపల సంతోషమేనని నా అనుమానం.

ఆ ఏడాదే వచ్చిన వాన్ డర్ గ్రాఫ్ ఆల్బం 'పాన్ హార్ట్స్' ఇంగ్లండ్ చార్టుల్లోకి ఎక్కనే లేదు, ఇటలీలో మాత్రం మొదటి స్థానానికి వెళ్ళింది. మా ఆసుపత్రికి కొన్నాళ్ళు ఒక ఇటాలియన్ మత్తు డాక్టర్ వచ్చాడు. ఆయన డార్క్‌రూమ్ తలుపు దగ్గర ఆగి, రెండు సెకన్లు విని, "ఓ, హామిల్!" అని దాటిపోయాడు, మనం రోడ్డు మీద తెలిసిన సినిమా పాట వినిపిస్తే అన్నట్టు. పెద్దాయన ముఖం చూడాలి. ఇన్నాళ్ళూ దాచుకున్న సొమ్ము పక్కింటివాళ్ళందరికీ తెలిసిపోయినట్టు రెండ్రోజులు ముభావంగా ఉన్నారు.

*

నేను ఎప్పుడు మారానో కచ్చితంగా చెప్పలేను. చెవి కాస్త అలవాటుపడ్డాక నాకు తట్టింది పౌరాణిక నాటకం. చిన్నప్పుడు చాప పట్టుకెళ్ళి తెల్లవార్లూ చూసేవాళ్ళం. కృష్ణుడి వేషం కట్టినాయన పద్యం అందుకున్నాడంటే హార్మోనియం ఆయన వెనక పరుగెత్తాల్సిందే. తాళం ఆయనకి లొంగాలి, ఆయన తాళానికి లొంగడు. మాట బరువుని బట్టి రాగం సాగుతుంది, తెగుతుంది, అరుపవుతుంది, మళ్ళీ దారికొస్తుంది. హామిల్ పాటా అంతే. తేడా ఏమిటంటే, ఒక్కడే కూర్చుని పాడినప్పుడు ఆ హార్మోనియం ఆయనా ఈయనే. తన గొంతు వెనక తన చేతులే పరుగెత్తాలి. అందుకే చేతులు అప్పుడప్పుడు వెనకబడతాయి, తప్పు మెట్టు మీద పడతాయి. ఆయన ఆగడు.

ఇంట్లో ఈ పోలిక చెప్పి చూశాను. మా ఆవిడ ఒక పాట మొత్తం ఓపిగ్గా విని, "మీరు డాక్టరేగా, ఆయన కడుపునొప్పికి ఏమైనా ఇవ్వకూడదూ?" అంది. ఆ తర్వాత మా ఇంట్లో హామిల్ కారుకే పరిమితం.

*

పెద్దాయన నాకు క్యాసెట్లు కాపీ చేసి ఇచ్చేవారు. టీడీకే తొంభై నిమిషాల క్యాసెట్, అటూ ఇటూ ఒక్కో ఎల్పీ. చిన్న చిన్న అక్షరాలతో పాటల పేర్లు. లిరిక్ షీట్ ఆసుపత్రి ఫొటోకాపీ మెషిన్‌లో తీసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో కుక్కేవారు. రోజుల తరబడి తిరగేసి తిరగేసి మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయేవి. ఆ అక్షరాల స్థానంలో నేను ఊహించుకున్న మాటలే ఇప్పటికీ నోటికొస్తాయి.

అలా విన్నవాటిలో హామిల్ ఒక్కడి పేరు మీద వచ్చిన, 1974 నాటి సోలో ఆల్బం 'ఇన్ కెమెరా' ఒకటి. అప్పటికి బ్యాండు ఆగిపోయి ఉంది. చాలా భాగం ఇంట్లోనే నాలుగు ట్రాకుల టేప్ మెషిన్ మీద తనే వాయించుకుంటూ చేసుకున్నాడు. పెద్ద స్టూడియో గంటల లెక్కన డబ్బు లాగే రోజుల్లో ఇంట్లో కూర్చుని రాక్ ఆల్బం చేయడం మామూలు సంగతి కాదు. ఆ తర్వాతి ఏడాది 'నేడిర్స్ బిగ్ ఛాన్స్' అని గిటార్ మొరటుగా బాదుతూ ఒకటి చేశాడు. పంక్ అనే ఆ మొరటు రాక్ ఇంకా ఇంగ్లండ్ వీధుల్లోకి రాలేదు. 1977లో పంక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్‌ని లండన్ క్యాపిటల్ రేడియో వాళ్ళు పిలిచి నీకు నచ్చిన పాటలు వెయ్యమంటే, అతను వేసిన వాటిలో ఈ ఆల్బం నుంచి రెండున్నాయి. పాతవాళ్ళందరినీ తిట్టిపోసే కుర్రాడు ఈయన్ని మాత్రం వదిలేశాడు. పెద్దాయన ఈ సంగతి నెలకోసారైనా చెప్పేవారు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నేనూ తలాడించేవాణ్ణి.

అదే 1977లో వచ్చిన 'ఓవర్' సంగతి వేరు. చాలా కాలం కలిసున్న మనిషి వదిలి వెళ్ళిపోయాక చేసిన ఆల్బం. పెద్దాయన భార్య విడాకులకి వెళ్ళిన చలికాలంలో డార్క్‌రూమ్‌లో ఆ ఒక్క క్యాసెట్టే నడిచింది. ఎవరం ఏమీ అనలేదు. వసంతం వచ్చేసరికి ఒక రాత్రి వేరేది మోగింది, నర్సు ఒకావిడ టీ తెచ్చి పెట్టింది.

*

తొంభైల మొదట్లో నేను దక్షిణాదికి, లండన్‌కి అందుబాటులో ఉండే ఊరికి బదిలీ అయ్యాను. డార్క్‌రూమ్ పోయింది, క్యాసెట్లూ పోతున్నాయి. హామిల్ మాత్రం పోస్టులో రావడం మొదలైంది.

చరిష్మాతో ఆయన చేసిన చివరి సోలో ఆల్బం 1979 నాటిది. తర్వాత దాదాపు పుష్కర కాలం ఆ లేబుల్ ఈ లేబుల్ మారుతూ గడిపాడు. ఎక్కడా రెండు మూడు రికార్డులకి మించి నిలవలేదు. 1992లో 'ఫై!' అని సొంత లేబుల్ పెట్టుకున్నాడు. పేరు చివర ఆశ్చర్యార్థకం కూడా పేరులో భాగమే, ఛీ అన్నట్టు. మొదటి ఆల్బం 'ఫైర్‌షిప్స్'. రాసేది, పాడేది, వాయించేది, బాత్ అనే ఊళ్ళోని సొంత స్టూడియోలో రికార్డు చేసేది, మిక్స్ చేసేది, విడుదల చేసేది అన్నీ తనే. అమ్మకం పని 'సోఫా సౌండ్' అనే పేరు మీద. చెక్కు రాసి, పేరూ చిరునామా రాసి కవర్లో పెట్టి పంపితే కొన్నాళ్ళకి లోపల గాలిబుడగలున్న కవరు గుమ్మంలో పడేది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి తలుపు తోస్తే ఆ కవరు అడ్డం పడి తలుపు సగమే తెరుచుకోవడం నాకు బాగా గుర్తు.

ఆ కవరు చూసినప్పుడల్లా నాకొక మాట అనిపించేది. ఈయన పెద్దవాడు కాలేదు, ఆగనూ లేదు. రాక్ సంగీతంలో రెండే దారులని పత్రికలు రాస్తుంటాయి, పైకి పోవడం లేదా కాలిపోవడం. మూడో దారి కూడా ఉంది. ఏడాదికో రెండేళ్ళకో ఒక ఆల్బం, అప్పుడప్పుడు ఒక టూర్, రాని డబ్బు కోసం ఖర్చు పెట్టకపోవడం, కొనే ఆ కొద్దిమంది ఎవరో తెలిసుండటం. 30కి పైగా సోలో ఆల్బములు అలా వచ్చాయి. అన్నీ గొప్పవని నేనెప్పుడూ అనను. ఎనభైల చివర్లో డ్రమ్ మెషిన్లతో చేసిన ఒకటి రెండు నాకు ఇప్పటికీ కొరుకుడు పడవు. కానీ అవి కూడా ఎవరో చెప్పగా చేసినవి కావు.

*

యూనియన్ చాపెల్ రాత్రి కూడా నవంబరే, 1996. లండన్ ఇజ్లింగ్టన్‌లో పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద చర్చి. లోపల ఎనిమిది మూలల హాలు, చెక్క బల్లలు, హీటర్లు ఉన్నా లేనట్టే. ఎవరూ కోటు విప్పలేదు. బయట ఎక్కడో గై ఫాక్స్ టపాకాయలు రెండ్రోజులు ముందే మొదలయ్యాయి. హామిల్, డ్రమ్మర్ గై ఎవాన్స్ కలిసి చేస్తున్న కచేరీ. పెద్దాయన మాంచెస్టర్ నుంచి రైల్లో వచ్చారు, ఫ్లాస్కులో టీతో సహా.

ఆ సాయంత్రం బాంటన్, జాక్సన్ కూడా వచ్చారు. చివరికి నలుగురూ ఒకే వేదిక మీద నిలబడ్డారు, డెబ్భైల తర్వాత జనం ముందు అలా నిలబడటం అదే మొదలు. వాయించింది 'పాన్ హార్ట్స్'లోని పాట. మా ముందు బల్లలో బట్టతల పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడి, భార్య కోటు పట్టుకొని లాగుతున్నా కూర్చోలేదు. పెద్దాయన ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయారు. టీ పోసుకోవడం మర్చిపోయారు, మూత పెట్టడం మర్చిపోయారు. పాట అయ్యాక నా వైపు తిరిగి, "ఆర్గన్ కాస్త గట్టిగా ఉంది" అన్నారు. మాంచెస్టర్ మనిషి నోట సంతోషం ఇంతకంటే బయటికి రాదు.

*

2003 డిసెంబరులో గుండెపోటు వచ్చింది హామిల్‌కి. అప్పటికి 55 ఏళ్ళు. కొత్త ఆల్బం పని పూర్తయి ఎన్నో రోజులు కాలేదు. ఆ వార్త నాకు పెద్దాయనే ఫోన్ చేసి చెప్పారు. "నువ్వు గుండె డాక్టరువి కదా, ఎంత శాతం?" అని అడిగారు. కేస్ షీట్ చూడకుండా ఏం చెబుతాం? రోజూ బంధువులకి చెప్పే మాటలే చెప్పాను, మొదటి గంటలు, మొదటి రోజులు దాటాలి అని. ఇన్నేళ్ళుగా ఇతరులకి చెబుతున్న ఆ మాటలు ఎంత చప్పగా ఉంటాయో అవతలి వైపు నుంచి వింటే తెలిసింది.

కోలుకున్నాడు. అంతటితో ఆగలేదు. నలుగురూ మళ్ళీ కలిశారు. కొత్త ఆల్బం చేసి 2005 మే 6న రాయల్ ఫెస్టివల్ హాల్లో కచేరీ పెట్టారు. ఆ తర్వాత కొద్ది వారాలకే హాలు మరమ్మతులకి రెండేళ్ళు మూతపడింది, కాబట్టి మా కుర్చీలు కిర్రుమనడంలో తప్పు లేదు. నలుగురూ వేదిక మీదకి నడిచి వచ్చారు, ఇంకా ఏదీ మీటలేదు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. ఇటలీ నుంచి, జర్మనీ నుంచి, జపాన్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. నా దృష్టి మాత్రం, వృత్తి దోషం, ఆయన ఊపిరి మీదే. మెట్లెక్కి వచ్చాక ఎంత ఆయాసం, గట్టి స్వరం తీసేముందు ఛాతీ ఎలా కదులుతోంది, పెదాల రంగు ఏమిటి. మూడో పాటకి గానీ డాక్టర్‌ని పక్కన పెట్టి పాట వినలేకపోయాను. ఆ గొంతు మునుపటిలా పైకి ఎగరడం లేదు. ఎగరలేని చోట బొంగురుగా నెట్టుకుంటూ వెళ్ళింది, దాచలేదు. నాకు ఆ బొంగురే ఎక్కువ నచ్చింది, ఇప్పటికీ.

మరుసటి ఏడాది, గుండెపోటు తర్వాత మొదటిసారి రికార్డు చేసిన సోలో ఆల్బం 'సింగ్యులారిటీ' వచ్చింది. అన్ని వాయిద్యాలూ తనే. చావు గురించి ఇంత పొడిగా, కన్నీళ్ళు లేకుండా పాడినవాళ్ళు అరుదు. నా పేషెంట్లలో ఒకాయనకి, సంగీతం ఇష్టమని చెబితే, ఇందులో ఒక పాట వినమన్నాను. తర్వాతి చెకప్‌లో "డాక్టర్, బీపీ పెరిగింది" అన్నాడు నవ్వుతూ.

*

కొందరు పోయారు. తొలినాళ్ళలో, ఆ తర్వాతా బాస్ వాయించిన నిక్ పాటర్ 2013లో, ఎన్నో ఏళ్ళు హామిల్ పక్కన నిలబడి వయొలిన్ వాయించిన స్టువర్ట్ గార్డన్ 2014లో. ఆ ఇద్దరే, గొంతూ వయొలినూ, చేసిన ఒక కచేరీ నాకు బ్యాండు కచేరీల కంటే ఎక్కువ గుర్తుంది. వయొలిన్ ఆయన పాటగాడి నోటినే చూస్తూ వాయించేవాడు, ఏ మాట దగ్గర ఈయన ఎటు తిరుగుతాడో తెలీదు కాబట్టి.

డేవిడ్ జాక్సన్ ఫెస్టివల్ హాల్ తర్వాత బ్యాండులో ఎక్కువ కాలం ఉండలేదు, అది ముగ్గురిదైంది. ఆయన చాలా ఏళ్ళుగా చేస్తున్న ఇంకో పని నాకు డాక్టరుగా ఎక్కువ ఇష్టం. చేయి కదిపితే చాలు సంగీతం పలికించే సౌండ్‌బీమ్ అనే పరికరంతో వికలాంగ పిల్లల చేత వాయింపించడం. మెడ తప్ప ఇంకేమీ కదపలేని పిల్లలైనా సరే, ఆ కాస్త కదలికతోనే స్వరాలు పలికించొచ్చు.

ఆ జాక్సన్ విషయంలోనే నాకూ పెద్దాయనకీ పడదు. ముగ్గురై చేసిన ఆల్బములు, 2008 నాటి 'ట్రైసెక్టర్' నుంచి 2016 నాటి 'డు నాట్ డిస్టర్బ్' దాకా, నాకు గట్టిగానే అనిపిస్తాయి. శాక్సోఫోన్ నిండిన చోట ఇప్పుడు గాలి ఆడుతుంది, ఆర్గన్ వేళ్ళు వినిపిస్తాయి, హామిల్ గిటార్ తప్పనిసరై పని చేస్తుంది. పెద్దాయనకి ఇప్పుడు ఎనభై దాటాయి, వినికిడి మెషిన్ పెట్టుకుంటారు. ఆయన వాదన ఒక్కటే, జాక్సన్ లేనిది వాన్ డర్ గ్రాఫ్ కాదు.

మొన్న గై ఫాక్స్ రాత్రి ఫోన్ చేశారు. ఎప్పటిలాగే హామిల్ పుట్టినరోజు శుభాకాంక్షలు నాకు చెప్పారు, నేనే పుట్టినట్టు. అయిదు నిమిషాలు మోకాళ్ళ గురించి, పది నిమిషాలు జాక్సన్ గురించి. నేను నా వాదన మొదలుపెట్టగానే, "డాక్, బయట టపాకాయలు, సరిగ్గా వినపడటం లేదు" అని పెట్టేశారు. మెషిన్ ఆపేసి ఉంటారు. నా తరపు పాయింట్లు నాలుగు కాగితం మీద రాసి పోస్టు చేశాను, లావు అక్షరాలతో.